కాలు బాగయ్యాక కౌచ్ టు 5కె మళ్ళీ మొదటి వారం నుంచా, ఆపిన చోటి నుంచా?

సాగరతీరం (విశాఖ):
పోయిన ఆదివారం బీచ్ రోడ్డు మీద ఆగకుండా 30 నిమిషాలు పరుగెత్తాను. కౌచ్ టు 5కె అంటే నడక, పరుగు కలిపి చేస్తూ తొమ్మిది వారాల్లో 5 కిలోమీటర్ల పరుగుకు చేర్చే ప్రోగ్రామ్. నాకు 43 ఏళ్ళు. ఆరో వారంలో ఉండగా గతుకులో పాదం మడత పడి చీలమండ బెణికింది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది, లిగమెంట్ సాగిందన్నారు. ఏడు వారాలు పరుగు లేదు. డాక్టరు సరేనన్నాక మళ్ళీ మొదటి వారానికే వెళ్ళాను. 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక. అక్కడి నుంచి తొమ్మిది వారాలూ వరసగా చేసి పూర్తి చేశాను.

ఇప్పుడు వాదన మా చెల్లెలితో. అది హైదరాబాద్‌లో ఏడో వారంలో ఉండగా మోకాలి కింద, కాలి ముందు ఎముక వెంబడి నొప్పి వచ్చి ఆపేసింది. ఐదు వారాలు విశ్రాంతి తీసుకుంది. సోమవారం నుంచి నేరుగా ఐదో వారం మొదలుపెడతానంటోంది. "నువ్వు నెలన్నర ఊరికే పోగొట్టుకున్నావక్కా" అంటోంది. నేను మొదటి వారమే అంటున్నాను. జాష్ క్లార్క్ 1996లో ఈ ప్రోగ్రామ్ తయారు చేసింది వాళ్ళమ్మలా పరుగు అలవాటే లేనివాళ్ళ కోసం. దెబ్బ తిని లేచిన కాలు కూడా కొత్త కాలే కదా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కేబీఆర్ ఉదయం:
ముందుగా అభినందనలండీ. కానీ నేను మీ చెల్లెలి వైపే. మోకాలి నొప్పితో నాకు నాలుగు వారాలు పోయాయి. ఆపిన చోటి నుంచి రెండు వారాలు వెనక్కి వెళ్ళి మొదలుపెట్టాను, పూర్తి చేశాను. నాతో పార్కుకు వచ్చేవాళ్ళలో "మళ్ళీ ఒకటో వారమా" అని ఉసూరుమని మానేసిన ఇద్దరిని చూశాను. అదే నా భయం.

ఇంకో మాట. నెమ్మదిగా వెళ్తే దెబ్బలు తగలవు అనేది మనం అనుకున్నంత గట్టి సత్యం కాదు. నెదర్లాండ్స్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనం 2008లో వచ్చింది. కొందరికి 13 వారాల నెమ్మది ప్రోగ్రామ్, కొందరికి 8 వారాలది ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ దాదాపు 20 శాతం మందికి గాయాలయ్యాయి. తేడా లేదు.

వరంగల్ ఫిజియో:
ఆ అధ్యయనం నాకూ తెలుసు సార్. అది అప్పటికే గాయంతో ఉన్నవాళ్ళ మీద చేసింది కాదు. ఒకసారి దెబ్బ తిన్నవాళ్ళకు మళ్ళీ తగిలే అవకాశం ఎక్కువ. అందుకే ఆ లెక్క తెచ్చి ఇక్కడ పెట్టలేం.

మేడమ్, మీరిద్దరూ వారం నంబరు మీద పోట్లాడుకుంటున్నారు. నేను కాలిని అడుగుతాను. మీది బెణుకు, చెల్లెలిది ఎముక వెంబడి నొప్పి. ఈ రెండూ ఒకటి కావు. బెణికిన చీలమండకు బలంతో పాటు నిలకడ తిరిగి రావాలి, ఒంటికాలి మీద నిలబడే వ్యాయామాలు అందుకే ఇస్తాం. ఎముక నొప్పి వేరే సంగతి. వేలితో నొక్కితే ఒకేచోట సూదిలా గుచ్చుకుంటే, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే, అది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నని పగులు కావచ్చు. అప్పుడు ఏ వారమూ వద్దు, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

అలాంటిదేమీ లేకపోతే మూడు పనులు చేయించండి. 30 నిమిషాలు వడిగా నడవాలి. ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం 20 సార్లు చేయాలి. తొక్కుడుబిళ్ల ఆటలోలా అదే కాలితో పది గెంతులు వేయాలి. మూడింటిలోనూ నొప్పి రాకూడదు, మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు కూడా రాకూడదు. ఆయాసం తగ్గిందని చాలామంది తొందరపడతారు. ఊపిరి త్వరగా అలవాటు పడుతుంది. ఎముకకూ స్నాయువుకూ అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. నా దగ్గరికి రెండోసారి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఊపిరి మాట విన్నవాళ్ళే.

డాలస్ తెలుగు:
అసలు నడక మానేయాలని ఎవరన్నారు? 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన జెఫ్ గాలోవే, తర్వాత కొత్తవాళ్ళకు పరుగు మధ్యలో కావాలనే నడక పెట్టి నేర్పాడు. నా పిక్క కండరం పట్టేసినప్పటి నుంచి నేను మూడు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక మీదే ఉన్నాను. 5 కిలోమీటర్లూ అలాగే పూర్తి చేస్తున్నాను. నాకైతే అది పూర్తి చేసినట్టే.

కేబీఆర్ ఉదయం:
అన్నా, మీకు అది సరిపోవచ్చు. కానీ ఆగకుండా పరుగెత్తాలన్నది ఆ అమ్మాయి కోరిక, దాన్ని తక్కువ చేయొద్దు.

ఫిజియో గారూ, ఎముక సంగతి ఒప్పుకుంటున్నాను, నేను దాన్ని ఆలోచించలేదు. అయితే ఒకటో వారం మాట మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఈ ప్రోగ్రామ్‌లో అసలు ఇబ్బంది ఐదో వారంలోనే ఉంది. రెండో రోజు మధ్యలో నడకతో రెండుసార్లు 8 నిమిషాలు, మూడో రోజు ఒక్కసారిగా 20 నిమిషాలు. కాలు సిద్ధమని తేలాక మూడో వారంలో మొదలుపెట్టి, ఐదో వారాన్ని రెండుసార్లు చేయమనండి. నేరుగా ఐదుకు వెళ్ళడం నాకూ నచ్చలేదు.

సాగరతీరం (విశాఖ):
నిన్న రాత్రి చెల్లెలికి ఫోన్ చేసి ఇవన్నీ చదివి వినిపించాను. వేలితో నొక్కితే ఎముక వెంబడి కాస్త సలుపు ఉంది, ఒకేచోట గుచ్చుకోవడం లేదట. మడమలెత్తడం 20 సార్లు చేసింది. గెంతులు మొదలుపెట్టాక ఏడోదానికి "అబ్బా" అంది. ఆ తర్వాత కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. సోమవారం పరుగు లేదని తనే చెప్పింది. ముందు డాక్టరుకు మళ్ళీ చూపించుకుంటుంది. ఆయన సరేనంటే నడకతో పాటు మడమల వ్యాయామం చేసి, రెండు వారాల తర్వాత మళ్ళీ గెంతి చూస్తుంది.

కేబీఆర్ గారూ, దానికి మూడో వారం అని రాసి పెట్టాను, మీ మాటే నెగ్గింది. నా విషయంలో మాత్రం ఆ నెలన్నర పోయిందని నేను అనుకోను. పడ్డ తర్వాత మొదటి పది రోజులు రోడ్డు మీద ప్రతి గతుకూ నన్నే చూస్తున్నట్టుండేది. 60 సెకన్లే కాబట్టి అడుగు వేయగలిగాను. రెండు నిమిషాలని ఉంటే ఇంట్లోంచి బయటికి వచ్చేదాన్ని కాదు.

వరంగల్ ఫిజియో:
మంచి పని చేశారు మేడమ్. డాక్టరు చూశాక ఏమన్నారో ఇక్కడే రాయండి. బూట్లు ఎంత పాతవో కూడా అడగండి.