షటిల్ పొట్టలో చక్రాల తలుపులు: వేడి లోపలికి ఎందుకు దూరలేదు?

తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి స్పేస్ షటిల్ (అంతరిక్షంలోకి వెళ్లి విమానంలా తిరిగొచ్చి దిగిన నాసా వాహనం) బొమ్మ తిరగేసి, "నాన్నా, దిగేటప్పుడు బాగా కాలేది ఈ పొట్టే కదా, చక్రాల తలుపులు ఇక్కడే పెట్టారేంటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

కిందున్న నల్ల సిలికా పలకలు సుమారు 1,260 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటాయని చదివాను. తలుపుల మీదా అవే. మరి అంచుల్లో సందు? 2003లో కొలంబియా అనే షటిల్ ఎడమ రెక్కకి పడ్డ బెజ్జం గుండానే కదా వేడి వాయువు దూరింది! ఆ సందుల్ని దేంతో మూసేవారు?

ఇంకోటి. స్పేస్‌ఎక్స్ వాళ్ల స్టార్‌షిప్ రాకెట్ బూస్టర్‌ని (కింది భాగాన్ని) 2024 అక్టోబర్‌లో లాంచ్ టవర్ చేతులతో పట్టుకున్నారు. పైభాగాన్నీ కాళ్లు లేకుండా అలాగే పడతామంటున్నారు. బరువు తగ్గించడానికేనా, దాని వేడి తట్టుకునే పలకల మధ్య తలుపులు కోయకుండా ఉండడానికి కూడానా? తెలిసినవాళ్లు కాస్త వాడికి అర్థమయ్యేలా చెప్పండి.