సాగర్‌లో పేరున్న హోటళ్ల చేపల పులుసు: ఊరివాళ్ల లెక్కకు ఆనుతుందా?

హైదరాబాద్ నుంచి:
గేట్లు ఎత్తారని తెలిసి పోయిన ఆదివారం ఇంటిల్లిపాదీ నాగార్జునసాగర్ పోయాం. మధ్యాహ్నం అందరూ చెప్పే ఒక పెద్ద హోటల్లో చేపల పులుసు తిన్నాం. మాకు బాగానే అనిపించింది. పిల్లలైతే ముల్లు లేని ఫ్రై రెండు ప్లేట్లు లాగించారు. బయటికొచ్చాక మా ఆటో ఆయన్ని "నువ్వు తిన్నావా అన్నా?" అంటే, "మేం ఇక్కడ తినం సార్" అన్నాడు. ఆ మాట మనసులో ఉండిపోయింది. నల్లగొండ, పాలమూరు వాళ్లు చెప్పండి. టూరిస్టుల్లో పేరు పడ్డ హోటళ్లు నిజంగానే మీ లెక్కకు తక్కువా, లేక ఊరివాళ్లు ఊరికే అంటారా?

పెద్దవూర:
ఊరికే అనరన్నా. నేను ఒక ఎండాకాలం అలాంటి వంటింట్లో పనిచేశాను కాబట్టి చెప్తున్నా. పొద్దున్నే పెద్ద గంగాళంలో గ్రేవీ చేసి పెడతారు. ముక్కలు వేరే వేయించి ట్రేల్లో పేరుస్తారు. ఆర్డర్ రాగానే గిన్నెలో నాలుగు ముక్కలు వేసి, పైన వేడి గ్రేవీ పోసి, కొత్తిమీర చల్లి పంపిస్తారు. పైకి ఎర్రగా, నూనె తేలుతూ బ్రహ్మాండంగా ఉంటుంది. ముక్క విరిచి చూడండి. లోపల తెల్లగా, చప్పగా ఉంటుంది. పులుపు లోపలికి పోనే లేదు.

మా ఇంట్లో బొచ్చె తెస్తే అమ్మ ముందు ఉప్పు, పసుపు పట్టించి రుద్ది నాలుగు నీళ్లు కడుగుతుంది. వెడల్పాటి గిన్నెలో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, కారం, ధనియాల పొడి, కొంచెం మెంతిపొడి వేగాక చింతపండు రసం పోసి బాగా మరగనిస్తుంది. అప్పుడు ముక్కలు వదులుతుంది. ఇక గంటె పెట్టదు. గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని మెల్లగా తిప్పుతుంది, అంతే. దించాక మూత పెట్టి గంటసేపు ముట్టుకోనివ్వదు. రాత్రి వండింది పొద్దున తింటే దాని రుచే వేరు. ఊరివాళ్ల లెక్క అంటే ఇదే, కారం ఎక్కువా తక్కువా అన్నది కాదు.

పిల్లలు తిన్న ముల్లు లేని ఫ్రై గురించి కూడా చెప్పాలి. నేను పనిచేసిన చోట అది ఫ్రీజర్‌లోంచి తీసిన బాసా. పక్కనే ఇంత నీళ్లు పెట్టుకుని, ఎక్కడో పెంచి ఐసులో తెచ్చిన చేపను 'సాగర్ చేప' అని పెట్టడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

మిర్యాలగూడ:
తమ్మీ, నువ్వు చెప్పిన వంట పదిమందికి చేయొచ్చు. డ్యాముకు 26 గేట్లు. అవి ఎత్తిన ఆదివారం రోడ్డు మీద బండి కదలదు. వచ్చినవాళ్లంతా ఒంటిగంటకే ఆకలి అంటారు. గంటసేపు ఊరనిచ్చి వడ్డిస్తానంటే ఎవరు ఆగుతారు? నేను అవే హోటళ్లలో మామూలు రోజుల్లో తిన్నాను, మంచిగనే పెట్టారు. తప్పు హోటల్‌ది కాదు, మనం పోయే రోజుది.

పాలమూరు ఆడబిడ్డ:
మా బెంగళూరు రోడ్డు మీద కూడా ఇదే కథ. జడ్చర్ల దాటాక ఎక్కడ చూసినా జొన్నరొట్టె, నాటుకోడి బోర్డులే. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం ఉండదు. మరిగే నీళ్లు పోసి కలిపి, అప్పటికప్పుడు చేత్తో తట్టి కాల్చాలి. చల్లారితే అట్టలా అయిపోతుంది. మొన్న ఒకచోట రొట్టె మడిస్తే విరగలేదు, చపాతీలా ఒంగింది. గోధుమపిండి కలిపారని అక్కడే తెలిసిపోయింది. ఇక నాటుకోడి పది నిమిషాల్లో బల్ల మీదికి వచ్చింది. మా అత్తమ్మ వండితే గంట పైనే పడుతుంది.

అయినా ఒక మాట అడుగుతా. ఊరివాళ్లు తినే చోటికి పొమ్మని అందరూ చెప్తారు. నాకు ఇద్దరు ఆడపిల్లలు. అలాంటి చోటు ఒకటి వెతుక్కుంటూ పోతే పక్కనే వైన్స్ పర్మిట్ రూము, లోపల అందరూ మగవాళ్లే, బాత్రూమ్ లేదు. కూర ఘుమఘుమలాడుతోంది, కానీ కూర్చోలేక వెనక్కి వచ్చాం. ఆ పెద్ద హోటల్లో రొట్టె బాగాలేకపోయినా మా పిల్లలు టెన్షన్ లేకుండా కూర్చుని తిన్నారు. ఊరివాళ్ల లెక్కలో ఆడవాళ్లు కూడా ఉండాలి కదా?

పెద్దవూర:
అక్కా, మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. నేను రుచి గురించే మాట్లాడాను, ఇది నాకు తట్టలేదు. ఊళ్లో చిన్న హోటళ్లు పెట్టుకున్న మావాళ్లు ముందు బాత్రూమ్ కట్టించాలి.

మిర్యాలగూడ అన్నా, రద్దీ మాట కూడా ఒప్పుకుంటా. కానీ రద్దీ ఉంటే ఐటమ్స్ తగ్గించుకోవచ్చు. పులుసు అయిపోతే అయిపోయిందని చెప్పొచ్చు. మా ఊళ్లో చిన్న హోటల్ ఆయన రెండింటికే గిన్నె బోర్లిస్తాడు. రేపు మళ్లీ మేమే రావాలి, ముక్క చప్పగా ఉంటే మొహం మీదే అడుగుతామని ఆయనకు తెలుసు. టూరిస్టు మళ్లీ ఏడాదికి గానీ రాడు, ఆ అడిగేవాడే ఉండడు. నా బాధంతా అక్కడే.

హైదరాబాద్ నుంచి:
సరే, వచ్చే నెల మా అమ్మానాన్నలను తీసుకుని మళ్లీ వస్తాం. ఏం చేయమంటారు?

పెద్దవూర:
ఆదివారం వద్దు. శుక్రవారం కూడా వద్దు, లాంచీలో పోయి చూసే దీవి మీది నాగార్జునకొండ మ్యూజియం మూసి ఉంటుంది. పొద్దున పదింటికల్లా సాగర్‌లోని హిల్ కాలనీ చేరుకోండి. లాంచీ ఎక్కకముందే ఒక చిన్న హోటల్‌కు పోయి, ఎంతమందో చెప్పి, పులుసు చేసి ఉంచమనండి. అక్కచెల్లెళ్లు ఉంటే బాత్రూమ్ ముందే చూసుకోండి. కొర్రమీను కావాలంటే బతికున్నది చూపించమనండి. అది గాలి పీల్చే చేప, తొట్టిలో రోజుల తరబడి బతుకుతుంది, కాబట్టి చూపించలేమనడానికి వీల్లేదు. మీరు కొండ చూసి తిరిగొచ్చేసరికి గిన్నె దించి, మూత పెట్టి ఉంటుంది.