లంగరు విసరడమా, వేయడమా, వదలడమా?

ఓడల్లో పనిచేసి తర్వాత ఇంగ్లిష్ నవలాకారుడైన జోసెఫ్ కాన్రాడ్ జీవితం మీద ఒక వ్యాసం రాస్తూ, ఓడ రేవు చేరిన చోట "కళాసులు లంగరు విసిరారు" అని రాశాను. చాలా ఏళ్లు సరుకు ఓడల్లో పనిచేసిన ఒక పెద్దాయనకు చదవమని పంపితే, ఆ ఒక్క మాట కింద గీత గీసి, "బాబూ, అంత ఇనుమును ఎవరు విసరగలరు?" అని పక్కన రాశారు. అప్పటినుంచి ఈ మాట నన్ను వదల్లేదు. గుంపులో పెడితే నలుగురూ నాలుగు మాటలు చెబుతారని రాస్తున్నాను.

కాన్రాడ్ పట్టుబట్టింది కూడా సరిగ్గా ఈ మాట మీదే. 1906లో వచ్చిన తన సముద్ర జ్ఞాపకాల పుస్తకం 'ది మిర్రర్ ఆఫ్ ది సీ'లో లంగరు గురించి ఒక అధ్యాయం ఉంది. పత్రికలవాళ్లు ఎప్పుడూ లంగరును 'విసిరారు' అనే రాస్తారని, లంగరును ఏ ఓడలోనూ ఎవరూ విసరరని, పనివాళ్ల మాటను ఇలా పాడుచేయడం భాష పట్ల నేరమని అందులో గట్టిగానే అంటాడు. విసిరేది ఒక్కటే, లోతు చూడటానికి తాడు కట్టిన సీసపు గుండు. లంగరు సంగతి వేరు. రేవు దగ్గరపడేసరికే అది ఓడ పక్కన, ముందు భాగంలో బయటికి పొడుచుకొచ్చిన దూలానికి, పొట్టి గొలుసుతో వేలాడుతూ సిద్ధంగా ఉంటుంది. ఆజ్ఞ రాగానే పెద్ద సుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు, లేదా మీట లాగుతారు. కొస లంకె ఊడుతుంది, లంగరు తన బరువుతో తానే నీళ్లలో పడుతుంది. మనిషి చేసేదల్లా దాన్ని వదలడమే. ఆజ్ఞ కూడా అదే: "వదులు!"

ఇంత పట్టింపు ఎందుకు అంటే ఆయన జీవితం చూడాలి. ఇంగ్లిష్ ఆయనకు పుట్టుకతో వచ్చిన భాష కాదు. 1857లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని బెర్దీచివ్‌లో పోలిష్ కుటుంబంలో పుట్టాడు. తండ్రి కవి, అనువాదకుడు. రష్యన్ ప్రభుత్వాన్ని ఎదిరించినందుకు కుటుంబాన్ని ప్రవాసం పంపారు. ఏడేళ్లకు తల్లి, పదకొండేళ్లకు తండ్రి పోయారు. విక్టర్ హ్యూగో సముద్ర నవలను తండ్రి పోలిష్‌లోకి అనువదిస్తే, ఆ ప్రూఫులు తండ్రికి పైకి చదివి వినిపించింది ఈ పిల్లవాడే. మొదట సముద్రాన్ని చూసింది అలా, అనువాదంలో! నాలాంటి వాళ్లకు ఇది చదివితే గుండె నిండిపోతుంది.

1874లో, పదిహేడేళ్లైనా నిండకముందే, మార్సెయ్ వెళ్లి ఫ్రెంచ్ ఓడలెక్కాడు. 1878లో ఇంగ్లండ్‌లోని లోవెస్టాఫ్ట్ రేవులో దిగేనాటికి ఆయనకు ఇరవై ఏళ్లు, వచ్చిన ఇంగ్లిష్ అంతంతమాత్రం. అక్కడినుంచి న్యూకాసిల్‌కు తిరిగే చిన్న ఓడలో మామూలు కళాసిగా చేరి, తోటి పనివాళ్ల నోటినుంచి భాష నేర్చుకున్నాడు. బడిలో మాట తప్పు చెబితే మార్కు పోతుంది. ఓడ మీద మాట తప్పు వింటే వేరే తాడు పట్టుకుంటాం, తెరచాప చిరుగుతుంది, మనిషి ప్రాణం మీదికొస్తుంది. ప్రతి మాటకూ కొసన ఒక తాడో గొలుసో ఉన్న చోట నేర్చుకున్న భాష అది.

ఆ తర్వాత మెట్టు మెట్టు పైకి వచ్చాడు. 1884లో మద్రాసులో ఒక ఓడ దిగి రైల్లో బొంబాయి వెళ్లి ఇంకో ఓడెక్కాడు, 1886లో కెప్టెన్ పరీక్ష నెగ్గాడు, 1888లో బ్యాంకాక్‌లో 'ఒటాగో' ఓడకు నాయకుడయ్యాడు. 1894లో సముద్రం వదిలాడు. మొదటి నవల 1895లో వచ్చింది. అంటే మూడో భాషలో, ముప్ఫై ఏడేళ్ల వయసులో రచయిత అయ్యాడు. లంగరు విసిరారు అంటే ఆయనకు ఎందుకు మండేదో ఇప్పుడు నాకు బాగా అర్థమైంది.

ఇక మన మాటకు వద్దాం. "లంగరు వేశారు" అని అందరం అంటాం. 'వేయు'కు విసరడం అనే అర్థం ఉంది కదా, వల వేస్తే విసిరినట్టే కదా, మరి ఇదీ తప్పేనా అని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. కాదని ఇప్పుడు నమ్ముతున్నాను. మకాం వేశారు, డేరా వేశారు, పాగా వేశారు, తిష్ఠ వేశారు అంటాం చూడండి. వీటిలో విసిరేదేమీ లేదు. ఒక చోట కుదురుకోవడం, ఇక ఇక్కడే ఉంటాం అనడం. లంగరు వేయడం ఈ కుటుంబంలోని మాటే. లంగరు పారసీకం నుంచి వచ్చింది, దాన్ని మన 'వేయు' చక్కగా తనలో కలుపుకుంది. ఓడ వచ్చి నిలిచింది అన్న మొత్తం పనికి "లంగరు వేశారు", సుత్తి దెబ్బ పడిన ఆ క్షణానికి "లంగరు వదిలారు". "విసిరారు" మాత్రం కొట్టేశాను.

"దించారు" అనకూడదా అని కింద వ్యాఖ్యల్లో అడిగినవారికి: అనొచ్చు, కానీ చూసుకుని అనాలి. దించడంలో చేతి అదుపు ఉంటుంది, చేదను బావిలోకి దించినట్టు. ఈనాటి పెద్ద ఓడలు బాగా లోతున్న చోట లంగరును యంత్రంతో మెల్లగానే కిందికి పంపుతాయి, అక్కడ "దించారు" అచ్చంగా సరిపోతుంది. కాన్రాడ్ కాలపు తెరచాప ఓడకు సరిపోదు.

సముద్రం లోతును కొలిచే ఫాథమ్‌కు తెలుగేమిటి అని మరొకరు అడిగారు. బార ఉంది కదండీ! రెండు చేతులూ చాపినంత, దాదాపు ఆరడుగులు. ఫాథమ్ పుట్టింది కూడా చాచిన చేతులనుంచే. లంగరు గొలుసును 15 ఫాథమ్‌ల చొప్పున లెక్కపెట్టేవారు. నేను పదిహేను బారలు అనే రాశాను.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇంకో మాట. లంగరు ఎత్తేటప్పుడు ఓడ ముందు నిలబడ్డ అధికారిని కెప్టెన్, గొలుసు ఎటు 'పెరుగుతోంది' (ఇంగ్లిష్‌లో 'గ్రో') అని అడుగుతాడు. గొలుసు నీళ్లలోంచి ఏటవాలుగా, వింటినారిలా బిగిసి బయటికొస్తుందే, దానికి ఆ మాటే సరైనదని కాన్రాడ్ ముచ్చటపడి చెబుతాడు. తెలుగులో "గొలుసు పెరుగుతోంది" అంటే ఎవరో లంకెలు అతికిస్తున్నట్టుంది. చాలాసేపు ఆలోచించాక 'సాగు' తట్టింది. తీగ సాగుతుంది, బిగువుగా లాగితే రబ్బరూ సాగుతుంది, ప్రయాణమూ సాగుతుంది. ఎదుగుదల, లాగుడు, దిశ మూడూ ఉన్నాయి. "గొలుసు ఎటు సాగుతోంది?" అని రాసి పెద్దాయనకు మళ్లీ పంపాను. ఈసారి గీత గీయలేదు. కాకపోతే, "వదులు" అన్న ఆజ్ఞ దగ్గర చిన్న ప్రశ్నార్థకం పెట్టారు. పడవల మీద పనిచేసేవాళ్లు ఆ క్షణంలో ఇంకా పొట్టిగా, ఒక్క ఊపిరిలో అరిచే మాట ఏదైనా ఉందా? విన్నవాళ్లుంటే చెప్పండి, పేజీ ఇంకా ప్రెస్సుకు పోలేదు.