కొత్త ఉప్పునీటి అక్వేరియానికి లైవ్ రాక్ ఎంపిక, క్యూరింగ్: సలహాలు కావాలి

మహేంద్రగిరి (బరంపురం):

అందరికీ నమస్కారం. మంచినీటి చేపల పెంపకంలో నాకు చాలా ఏళ్ల అనుభవం ఉంది గాని, ఉప్పునీటి తొట్టె పెట్టడం ఇదే మొదటిసారి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల గాజు తొట్టె చేయించాను. నిండా పోస్తే సుమారు 190 లీటర్ల నీరు పడుతుంది. రెండు క్లౌన్ చేపలను, తొట్టె కుదుటపడిన తరువాత ఒకటి రెండు క్లీనర్ రొయ్యలను పెంచాలని నా కోరిక.

నా సందేహాలన్నీ రాయి గురించే. పెద్ద నగరాల వ్యాపారులు సముద్రపు బాక్టీరియా, చిన్న జీవులు పట్టి ఉన్న తడి లైవ్ రాక్‌ను, పూర్తిగా ఎండిన డ్రై రాక్‌ను రెండింటినీ పంపుతామంటున్నారు. ధరలో తేడా చాలా ఉంది. గోపాలపూర్‌లో ఉన్న మా బంధువులేమో, అంత డబ్బు పోయడం ఎందుకు, రేవు గట్టు దగ్గర నాచు పట్టిన రాళ్లు కావలసినన్ని ఉన్నాయి, గవ్వల దుకాణాలలో తెల్లటి పగడపు ముక్కలు కూడా దొరుకుతాయి అంటున్నారు. పోతే, రాయి వేసిన వారానికే చేపలను వదలవచ్చని ఒక వ్యాపారి నాకు చెప్పారు. రాయిని తొట్టెకు సిద్ధం చేసే క్యూరింగ్‌కు నెల రోజులకు పైగా పడుతుందని మరికొందరు అంటున్నారు. తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

బాహుదా (ఇచ్ఛాపురం):

మహేంద్రగిరి గారికి నమస్కారం. ముందుగా మీ బంధువుల సలహా గురించి చెబుతాను, ఎందుకంటే అందులో చట్టపరమైన చిక్కు ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో గట్టి పగడాలన్నిటినీ, నల్ల పగడాలను, సీ ఫ్యాన్లను చేర్చారు. బతికి ఉన్న పగడానికే కాదు, ఎండిపోయిన ముక్కకు కూడా ఆ రక్షణ వర్తిస్తుంది. పెద్దపులికి ఉన్న రక్షణే దానికీ ఉంది. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలుశిక్ష పడవచ్చు. కాబట్టి దుకాణంలో ఎవరైనా పగడపు ముక్క చూపించినా దయచేసి కొనకండి. చట్టాన్ని పక్కన పెట్టినా, మన్నార్ సింధుశాఖలో సున్నానికి, ఇళ్ల కట్టడానికి ఏళ్ల తరబడి పగడాలను తవ్విన ఫలితంగా అక్కడి 21 దీవులలో రెండు నీట మునిగిపోయాయన్న సంగతి తెలిసినవారికి ఆ ముక్కను ఇంటికి తెచ్చుకోబుద్ధి కాదు.

ఇక రేవు గట్టు రాళ్లు. అవి తూర్పు కనుమలలో దొరికే ఖోండలైటు, గ్రానైటు వంటి గట్టి రాళ్లు. పైన నాచు పట్టినంత మాత్రాన అవి లైవ్ రాక్ కావు. మనకు కావలసింది రాయి కాదు, దానిలోని సన్నటి రంధ్రాలు. రాతి పైపొరలో ప్రాణవాయువు బాగా అందే చోట ఉండే బాక్టీరియా, చేపల విసర్జనల నుంచి వచ్చే అమోనియాను నైట్రైటుగా, ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ప్రాణవాయువు సరిగా చేరని లోపలి రంధ్రాలలో మరో జాతి బాక్టీరియా ఆ నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి బయటకు పంపుతాయి. ఖోండలైటులో ఈ లోపలి ఇల్లే ఉండదు. మన ప్రాంతపు ఎర్ర లాటరైటు రాయికి రంధ్రాలు ఉంటాయి గాని, దానిలో ఇనుము ఎక్కువ కనుక అది కూడా వద్దు.

ఎంపిక విషయంలో నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాను: మన ఊళ్లలో ఉన్నవారికి డ్రై రాకే మేలు. నీటి నుంచి తీసిన లైవ్ రాక్ తడి కాగితాలలో చుట్టుకుని విమానంలో భువనేశ్వర్‌కో విశాఖపట్నానికో వచ్చి, అక్కడి నుంచి మళ్లీ రోడ్డు మీద మన దాకా చేరేసరికి దాని మీది స్పాంజీలు, పురుగులు, నాచు చాలావరకు చచ్చిపోతాయి. బతికిన రాయికని డబ్బు చెల్లించి, కుళ్లుతున్న రాయిని దింపుకున్నట్టవుతుంది. పైగా గట్టి పగడాలతో ఏర్పడిన రాయి, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు రెండో అనుబంధం కిందికి వస్తుంది గనుక, దిగుమతి పత్రాలు చూపించలేని వ్యాపారి దగ్గర దానిని కొనకూడదు. డ్రై రాక్‌తో అయిప్టేసియా అనే కలుపు సీ అనిమోన్, మాంటిస్ రొయ్య వంటి అనవసరపు అతిథులు కూడా రావు. నమ్మకమైన మిత్రుల పాత తొట్టెలో చాలాకాలంగా ఉన్న చిన్న ముక్క ఒకటి దొరికితే, దానిని డ్రై రాక్ మధ్య పెట్టండి. బాక్టీరియా వ్యాపించడానికి అది చాలు. దానికి జోయాంథిడ్‌లు అనే బొత్తాల వంటి మెత్తటి సముద్ర జీవులు అంటుకుని ఉన్నాయేమో మాత్రం చూసుకోండి.

ఎంత రాయి అంటే, లీటరుకు 120 గ్రాములన్న పాత లెక్క ప్రకారం మీకు 23 కిలోలు కావాలి. చేతిలో తేలికగా అనిపించే, లోపలి దాకా గుల్లగా ఉన్న రాయి అయితే 12 నుంచి 15 కిలోలు సరిపోతాయి. ఒకే పరిమాణంలో ఉన్న రెండు ముక్కలలో బరువు తక్కువ ఉన్నదానినే ఎంచుకోండి. రాళ్లు గోడలా పేర్చుకుపోకుండా, మధ్యలో నీరు తిరిగేలా ఉండాలి.

నాగావళి (రాయగడ):

బాహుదా గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, డ్రై రాక్ క్యూరింగ్ పద్ధతిని నేను వివరిస్తాను. డ్రై రాక్‌లో జీవం ఉండదు కాబట్టి కుళ్లు తక్కువే గాని, దాని రంధ్రాలలో ఎప్పుడో ఎండిపోయిన సేంద్రియ పదార్థం, అంతకంటే ముఖ్యంగా ఫాస్ఫేట్, మిగిలి ఉంటాయి. వాటిని ముందే బయటకు రప్పించకపోతే, తొట్టెలో లైటు వేసిన కొద్ది రోజులకే రాయంతా పచ్చటి వెంట్రుకల నాచుతో నిండిపోతుంది.

ముందుగా రాయిని గట్టి బ్రష్షుతో రుద్ది, మంచినీటితో కడిగి ఆరబెట్టండి. తరువాత ఆహార పదార్థాలకు వాడే రకం ప్లాస్టిక్ డ్రమ్ములో వేసి ఉప్పునీరు పోయండి. కుళాయి నీటిలో క్లోరిన్, బోరు నీటిలో నైట్రేట్, ఇతర లవణాలు ఉండవచ్చు గనుక ఆర్వో నీటినే వాడండి. మిగిలిన లవణాలను పీల్చే డీఐ గుళికలు కూడా ఉన్న యంత్రమైతే, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో సున్నా చూపిస్తుంది. సింథటిక్ ఉప్పును నీటిలో కలపాలి తప్ప, ఉప్పు మీద నీరు పోయకూడదు. ఉప్పు శాతాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటరులో సాంద్రత 1.025 దగ్గర, వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచండి. డ్రమ్ములో నీటిని కదిలించే చిన్న పంపు, అంటే పవర్‌హెడ్, ఒకటి రాత్రింబగళ్లు తిరుగుతూ ఉండాలి. వెలుతురు తగలకుండా పైన మూత గాని, నల్లటి గుడ్డ గాని కప్పండి. చీకటిలో ఉంటే ఫాస్ఫేట్ ఎంత వచ్చినా నాచు పెరగదు, బాక్టీరియాకు వెలుతురుతో పని లేదు.

వారానికి ఒకసారి ఫాస్ఫేట్ పరీక్ష చేయండి. 0.1 పీపీఎం (అంటే లీటరుకు 0.1 మిల్లీగ్రాము) కంటే ఎక్కువ వస్తూ ఉంటే నీరు మార్చండి, లేదా ఫాస్ఫేట్‌ను పీల్చుకునే గ్రాన్యులర్ ఫెర్రిక్ ఆక్సైడ్‌ను సన్నటి గుడ్డ సంచిలో కట్టి పవర్‌హెడ్ ముందు వేలాడదీయండి. కొందరు హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో రాతి పైపొరను కరిగిస్తారు. ఇళ్ల మధ్య, పిల్లలు తిరిగే చోట ఆ పొగలు, ఆ ప్రమాదం అవసరమని నేను అనుకోను. సమయమే ఆ పని చేస్తుంది.

ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి. తడి లైవ్ రాక్‌ను ఎప్పుడూ ఉడకబెట్టకండి, వేడినీరు పోయకండి. బాహుదా గారు పేర్కొన్న జోయాంథిడ్‌లలో కొన్ని జాతులలో ఉండే పాలిటాక్సిన్ చాలా తీవ్రమైన విషం. ఉడికించినప్పుడు ఆవిరితో పాటు గాలిలోకి చేరి, అది ఇంట్లోవారిని ఆసుపత్రి పాలు చేసిన సంఘటనలు పలు దేశాలలో నమోదయ్యాయి. రాయిని ముట్టుకునే ప్రతిసారీ చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

మహేంద్రగిరి (బరంపురం):

బాహుదా గారికి, నాగావళి గారికి కృతజ్ఞతలు. పగడపు ముక్కల మాట ఇక ఎత్తను. డ్రై రాక్‌కే నిర్ణయించుకున్నాను. ఇంకా రెండు ప్రశ్నలు. క్యూరింగ్‌కైనా గోపాలపూర్ సముద్రపు నీటిని, అక్కడి ఇసుకను వాడుకోవచ్చా? క్యూరింగ్ పూర్తయిందని ఖచ్చితంగా ఎలా తెలుస్తుంది?

ఋషికుల్య (గోపాలపూర్):

ఇసుక సంగతి ముందు చెబుతాను: వద్దు. గోపాలపూర్ నుంచి ఛత్రపురం వరకు మన తీరపు ఇసుకలో ఇల్మనైటు, గార్నెట్, సిలిమనైటు, జిర్కాన్, మోనజైటు వంటి బరువు ఖనిజాలు ఉన్నాయి. ఛత్రపురంలో ఖనిజాల కర్మాగారం వెలిసింది కూడా అందుకే. ఇసుకలో అయస్కాంతం తిప్పి చూడండి, నల్లటి రేణువులు గుత్తులుగా అంటుకుంటాయి. అటువంటి ఇసుక తొట్టెకు పనికిరాదు. సున్నపు ఖనిజమైన అరగొనైటు ఇసుకను కొనుక్కోండి.

సముద్రపు నీరు వాడవచ్చు గాని, కాలాన్ని చూసుకోవాలి. వానలు పడిన తరువాతి నెలలలో నదుల నీరు కలిసి మన దగ్గర ఉప్పు శాతం బాగా పడిపోతుంది, నీరు బురదగా ఉంటుంది. మన తీరంలో పగడపు దిబ్బలు పెరగకపోవడానికి కారణం కూడా ఈ మంచినీరు, ఈ బురదే. జనవరి నుంచి మార్చి వరకు నీరు తేరుకుంటుంది. ఆ రోజులలో కూడా ఒడ్డున ముంచకుండా, వేటకు వెళ్లే పడవవారిని అడిగి లోపలి నుంచి తెప్పించుకోండి. వడకట్టి, కొన్నాళ్లు చీకటిలో ఉంచి, రిఫ్రాక్టోమీటరుతో కొలిచి, తక్కువైతే ఉప్పు కలుపుకోండి. ఋషికుల్య ముఖద్వారం వైపు మాత్రం వెళ్లవద్దు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలాదిగా గుడ్లు పెట్టే తీరం అది, అవి వచ్చేదీ దాదాపు ఈ నెలలలోనే.

కరెంటు గురించి ఎవరూ చెప్పలేదు గనుక నేను చెబుతాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ ఇక్కడే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర దాటింది. అటువంటి తుఫాను తరువాత కరెంటు ఎన్నాళ్లకు వస్తుందో చెప్పలేము. నీటి కదలిక ఆగితే రాతిలోని బాక్టీరియాకు ప్రాణవాయువు అందక చనిపోతాయి, క్యూరింగ్ అయిన రాయే అమోనియాను వదలడం మొదలుపెడుతుంది. హీటరు కంటే, లైటు కంటే ముందు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొని ఉంచుకోండి.

బాహుదా (ఇచ్ఛాపురం):

మహేంద్రగిరి గారూ, పూర్తయిందో లేదో వాసనను బట్టి, రంగును బట్టి తేల్చకండి. డ్రమ్ములోని నీటిలో అమోనియం క్లోరైడు కలిపి అమోనియాను 2 పీపీఎంకు తీసుకురండి. మొదట్లో అది రోజుల తరబడి తగ్గదు. తరువాత అమోనియా తగ్గుతూ నైట్రైటు పెరుగుతుంది, చివరికి నైట్రైటు కూడా తగ్గి నైట్రేటు మిగులుతుంది. 2 పీపీఎం కలిపిన 24 గంటలలోపు అమోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వస్తే, అదే మోతాదు మరోసారి కలిపినా అదే ఫలితం వస్తే, రాయి సిద్ధమైనట్టు. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. సీసాలో అమ్మే బాక్టీరియా కలిపితే త్వరగా కావచ్చు, అయినా పరీక్ష మానవద్దు.

వారానికే చేపలను వదలమన్న మాట వినకండి. మంచినీటి తొట్టెలో పీహెచ్ 7 దగ్గర ఉన్నప్పుడు అమోనియాలో అత్యధిక భాగం విషం కాని రూపంలో ఉంటుంది. ఉప్పునీటిలో పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది గనుక, అంతే అమోనియాలో విషపు భాగం పది రెట్లకు మించి పెరుగుతుంది. మీ మంచినీటి అనుభవంలో చేపలు తట్టుకున్న మోతాదు ఇక్కడ వాటి మొప్పలను కాల్చేస్తుంది.

పరీక్ష నెగ్గిన తరువాత రాళ్లను ఆ ఉప్పునీటిలోనే కడిగి, కొత్త ఉప్పునీరు నింపిన తొట్టెలో ముందు అడుగు గాజు మీద నిలకడగా అమర్చి, ఆ తరువాతే చుట్టూ ఇసుక పోయండి. ఇసుక మీద రాళ్లు పేరిస్తే, కింద తవ్వే చేపలో రొయ్యలో ఉన్నప్పుడు అవి దొర్లి గాజు పగలవచ్చు. ఒక క్లౌన్ చేపతో మొదలుపెట్టకుండా చిన్నవి రెండింటినీ ఒకేసారి వదలండి. విడివిడిగా వస్తే ముందు వచ్చినది రెండోదానిని తరుముతుంది. అవి వచ్చిన తొలి వారాలలో మేత తక్కువ వేస్తూ, రోజు విడిచి రోజు అమోనియా కొలవండి.