రూట్ కెనాల్‌లో ఫైలు (పన్ను వేరు శుభ్రం చేసే సన్నటి సూది లాంటి పరికరం) ముక్క విరిగి ఉండిపోయింది, కన్స్యూమర్ కేసు వేయొచ్చా?

మాది అమలాపురం దగ్గర ఊరు. జనవరిలో అమ్మకి ఒక ప్రైవేటు క్లినిక్‌లో కుడివైపు కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. 14,000 తీసుకున్నారు. మత్తు దిగాక మొదలైన పోటు తగ్గలేదు, ఇప్పుడు చిగురు వాచి చీము వస్తోంది. కాకినాడలో ఇంకో డాక్టరు ఎక్స్‌రే తీసి, వేరులో ఫైలు ముక్క ఉందన్నారు. అది విరగడం ఒక్కోసారి మామూలేనట. మాకు చెప్పకుండా క్యాప్ వేసేయడమే మా గొడవ.

క్లినిక్ వాళ్లు రికార్డులు ఇవ్వలేదు, రిజిస్టర్డ్ పోస్టుకీ జవాబు లేదు. మా దగ్గరున్నవి యూపీఐ రసీదు, కొత్త ఎక్స్‌రే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్లలోపు వెళ్లొచ్చని తెలుసు. కానీ కాకినాడ డాక్టరు నోటితో చెప్పారే గానీ రాసివ్వనంటున్నారు. నిపుణుడి లిఖిత అభిప్రాయం లేకుండా ఈ కాగితాలతోనే ఫిర్యాదు వేస్తే కమిషన్ తీసుకుంటుందా?