ఒకచోట వద్దన్న సత్ప్రసాదం రోమ్‌లో ఎలా ఇచ్చారు?

శ్రీసభ (కేథలిక్ చర్చి) చట్టం తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. 2022 మేలో శాన్ ఫ్రాన్సిస్కో ఆర్చిబిషప్ కార్డిలియోనే, అబార్షన్ హక్కును సమర్థిస్తోందని అప్పటి అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీకి తన మేత్రాసనంలో (అంటే ఆయన కిందున్న చర్చిల పరిధిలో) సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం, కమ్యూనియన్) ఇవ్వొద్దన్నారు కదా, నెల దాటీ దాటగానే ఆవిడ వాటికన్‌లో, అదీ పోప్ ఫ్రాన్సిస్ ఉన్న పూజలోనే (ఆయన చేత్తో కాదులెండి, ఒక ఫాదర్ దగ్గర) తీసుకున్నారు. బైడెన్‌కూ అంతే, 2019లో సౌత్ కరోలినాలో ఒక ఫాదర్ ఇవ్వనన్నారు, అప్పటి వాషింగ్టన్ ఆర్చిబిషప్ గ్రెగరీ మాత్రం నేను ఆపనన్నారు. మరి ఘోరపాపంలో బాహాటంగా, మొండిగా కొనసాగేవాళ్లకు సత్ప్రసాదం ఇవ్వొద్దనే 915వ నిబంధన అందరికీ ఒకటేగా? బిషప్ మాట ఆయన మేత్రాసనం దాటితే చెల్లదా, లేక చెల్లినా రోమ్ చూసీచూడనట్టు వదిలేసిందా? మా విచారణ (పారిష్) ఫాదర్‌ని అడిగితే "రాజకీయాలు మనకెందుకమ్మా" అని నవ్వేశారు. మరణశిక్ష కావాలనే కేథలిక్ నాయకుల జోలికి ఇంత గట్టిగా ఎందుకు పోరన్నదీ నా డౌటే.