రాత్రి బదిలీ టాస్క్‌లో సాక్ ఫోర్: ఒక్కోసారి ఒక్కో చోట

బ్యాచ్‌రాత్రి:
ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్ఓఎస్ మీద మా టీమ్ సీ భాషలో రాసుకున్న ఫైల్ బదిలీ సర్వర్ ఒకటుంది. టీఎల్ఎస్ పని, అంటే పంపే డేటాని ఎన్‌క్రిప్ట్ చేయడం, జెడ్ఓఎస్‌లోని సిస్టమ్ ఎస్ఎస్ఎల్ లైబ్రరీ చూసుకుంటుంది. పెద్ద ఫైళ్లు మొదలైన దగ్గర్నుంచి రెండు మూడు రోజులకోసారి సాక్ ఫోర్‌తో (ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుంటే వచ్చే ఎర్రర్) పడిపోతోంది. ఒకసారి మెమరీ వదిలే ఫ్రీ ఫంక్షన్‌లో పడింది, ఇంకోసారి లాగ్ రాసే రొటీన్‌లో. ఆ రొటీన్ మూడుసార్లు చదివాను, తప్పేమీ దొరకలేదు. తెల్లవారుజామున ఫోన్ మోగితే చాలు, టెన్షన్. ఎవరికైనా ఇలా అయిందా?

అమీర్‌పేట_99:
పడిన చోట వెతక్కు తమ్ముడూ. దెబ్బలు తిన్నవాడు అక్కడ దొరుకుతాడు, కొట్టినవాడు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు. ఇది ఓవర్‌లే, అంటే ఒకరి మెమరీ మీద ఇంకొకరు రాసేయడం. డంపును (పడినప్పటి మెమరీ నకలు) ఐపీసీఎస్ అనే టూల్‌లో తెరిచి, పాడైన పాయింటర్‌లో (మెమరీ అడ్రస్ ఉండే చోటు) హెక్స్‌లో ఏముందో చూడు. 40404040 ఉంటే మెయిన్‌ఫ్రేమ్ అక్షర సంకేతాలైన ఈబీసీడిక్‌లోని ఖాళీలు, అంటే మన కోబాల్ ప్రోగ్రాముల వైపు ఎవరో స్పేసెస్ మూవ్ చేసి ఉంటారు. 20202020 ఉంటే మిగతా కంప్యూటర్లు వాడే ఆస్కీలోని ఖాళీలు, బయటి నుంచి వచ్చిన డేటాని అనుమానించు. మైత్రీవనంలో కోర్సు చేసిన రోజుల్లో మా సార్ ఇవి బట్టీ పట్టిస్తుంటే విసుక్కునేవాళ్లం.

బ్యాచ్‌రాత్రి:
ఆ రెండూ కాదన్నా. అంతా చెత్త, ఒక్క బైటూ చదవడానికి లేదు.

కొత్తబ్యాచ్:
ఇది హార్ట్‌బ్లీడ్ లాంటిదా సార్?

టొరంటో_తెలుగు:
కాదమ్మా. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే లైబ్రరీలోది. అది హద్దు దాటి చదవడం, ఒక్కోసారికి 64 కేబీ దాకా మెమరీ బయటికి పోయేది. ఇక్కడ హద్దు దాటి రాస్తున్నారు. పైగా సిస్టమ్ ఎస్ఎస్ఎల్ వేరే కోడ్.

హెక్స్‌పిచ్చి:
చదవలేని చెత్తే అసలు ఆధారం. ఎన్‌క్రిప్ట్ అయిన డేటా అలాగే కనిపిస్తుంది. పాడైన చోటు నుంచి వెనక్కి 16 కేబీ పోయి చూడండి. 17 03 03 కనిపిస్తే అది టీఎల్ఎస్ రికార్డు (ఎన్‌క్రిప్ట్ చేసి పంపే ఒక్కో ముక్క) మొదలు. ఆ తర్వాతి రెండు బైట్లూ పొడవు.

బ్యాచ్‌రాత్రి:
ఉంది! 17 03 03 40 18.

హెక్స్‌పిచ్చి:
హెక్స్‌లో 4018 అంటే 16408. అందులో 16384 మీ ఫైల్ డేటా. టీఎల్ఎస్ 1.2లో ఏఈఎస్ జీసీఎం ఎన్‌క్రిప్షన్ వాడుతున్నట్టున్నారు, అందుకని ముందు 8 బైట్ల నాన్స్ (ప్రతి రికార్డుకీ మారే సంఖ్య), చివర 16 బైట్ల ట్యాగ్ (డేటా మారలేదని చూసే ముద్ర). 5 బైట్ల హెడర్ కూడా కలిపితే 16413. ఈ రికార్డు పెట్టుకునే మీ బఫర్ (తాత్కాలిక మెమరీ చోటు) ఎంత?

బ్యాచ్‌రాత్రి:
16384. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. బయటికి పంపే కాల్‌బ్యాక్‌లో (సిస్టమ్ ఎస్ఎస్ఎల్ పిలిచే మా ఫంక్షన్) ట్రేస్, అంటే ఏం పంపామో రాసుకునే లాగ్, కోసమని ప్రతి రికార్డునీ ఒక బఫర్‌లోకి కాపీ చేస్తున్నాం. పొడవు చూడకుండా మెమ్‌కాపీ ఫంక్షన్‌తో. నిండు రికార్డు వచ్చినప్పుడల్లా 29 బైట్లు పక్క బ్లాకు మీద పడుతున్నాయి. టెస్టులో పంపినవన్నీ చిన్న ఫైళ్లే, రికార్డు ఎప్పుడూ నిండలేదు.

అమీర్‌పేట_99:
దొరికింది కదా అని సరిపెట్టుకోకు. టెస్ట్ సిస్టమ్‌లో హీప్‌చెక్ అనే రన్‌టైమ్ ఆప్షన్‌ని ఆన్, 1, 0 పెట్టి పెద్ద ఫైల్ పంపు. హీప్‌లో (ప్రోగ్రామ్ నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ) మెమరీ అడిగినా వదిలినా ప్రతిసారీ తనిఖీ జరుగుతుంది, పాడైందని తెలియగానే యూ4042 ఎర్రర్‌తో ఆపేస్తుంది. నత్తనడకే, ప్రొడక్షన్‌లో మాత్రం పెట్టకు. హీప్ బయట జరిగే ఓవర్‌లే అయితే జెడ్ఓఎస్‌లో ఉచ్చులా కాపు కాసే స్లిప్ ట్రాప్‌లో ఎస్ఏ (మెమరీ మార్పు) రకం వాడాలి. ఫలానా అడ్రస్ మీద ఎవరు రాస్తే వాళ్ల దగ్గరే డంపు తీస్తుంది.

బ్యాచ్‌రాత్రి:
పెట్టాను, మొదటి పెద్ద ఫైలుకే 4042. బఫర్ 18437 చేశాను. 16384కి టీఎల్ఎస్ 1.2 అనుమతించే అదనం 2048, హెడర్ 5.

హెక్స్‌పిచ్చి:
బఫర్ పెంచడం సగం పనే. కాపీకి ముందు పొడవు సరిచూసే లైను లేకపోతే నా దృష్టిలో అది ఫిక్స్ కాదు. ఒకే కాల్‌బ్యాక్‌లో రెండు రికార్డులు కలిసి వస్తే ఏం చేస్తారు?

టొరంటో_తెలుగు:
నిజం. మా దగ్గర ఫ్రెంచ్ పేర్లు కొంప ముంచాయి. ఈబీసీడిక్‌లో యాక్సెంట్ ఉన్న అక్షరానికి ఒక్క బైటు, యూటీఎఫ్-8కి మారిస్తే రెండు. 30 బైట్ల పేరు 31 అయ్యేది. బఫర్‌ని 40 చేశారు, ఆర్నెల్లకి అంతకన్నా పొడవు పేరు ఇంకోటి వచ్చింది.

బ్యాచ్‌రాత్రి:
పొడవు సరిచూసే లైను పెట్టాను, మించితే ట్రేస్‌లోకి కత్తిరించే రాస్తుంది. నిన్న ప్రొడక్షన్‌లో వేశాం. అయినా రాత్రి మళ్లీ సాక్ ఫోర్!

అమీర్‌పేట_99:
టాస్క్ ఆపి మళ్లీ మొదలుపెట్టారా? నడుస్తున్న అడ్రస్ స్పేస్‌లో (టాస్క్ మెమరీలో) ప్రోగ్రామ్ పాత కాపీయే ఉంటుంది. లింక్‌లిస్ట్‌లో (సిస్టమ్ ప్రోగ్రాముల కోసం వెతికే లైబ్రరీల జాబితా) ఉంటే, వాటి వివరాలు గుర్తుపెట్టుకునే ఎల్ఎల్ఏని రిఫ్రెష్ కూడా చేయాలి.

బ్యాచ్‌రాత్రి:
ఆపలేదు. లైబ్రరీలో మార్చి వదిలేశారు. మీరు చెప్పాక ఆపి మొదలుపెట్టించాను. వారం అయింది, పడలేదు. అన్నా, ఆ డంపులు వెండర్‌కి పంపమంటున్నారు మా మేనేజర్.

హెక్స్‌పిచ్చి:
తప్పు మీ కోడ్‌లోదే కదా, వెండర్‌కెందుకు? ఆ డంపుల్లో ఎన్‌క్రిప్ట్ కాకముందు ఉన్న ఖాతాదారుల డేటా కూడా ఉంటుంది. సెషన్ కీలు ఉన్నా ఆశ్చర్యం లేదు. మీ సెక్యూరిటీ వాళ్లని అడగకుండా ఎక్కడికీ పంపొద్దు.

బ్యాచ్‌రాత్రి:
అడిగాను. రెండు డంపులూ తీసేయమన్నారు. ఒకటి నా డెస్క్‌టాప్ మీద కూడా ఉందని వాళ్లకింకా చెప్పలేదు, ఇప్పుడే చెప్తున్నా.